గోటి మీద పాలచుక్క

గద్వాలలో మా వీధిలో ఎవరు మగ్గానికెక్కే పడుగు దారాలకు గంజి పెట్టాలన్నా ముందు మా అత్తను పిలిచేవారు. గంజి పలుచనైతే పోగులు లేచి మగ్గం మీద దారం తెగుతుంది. మరీ చిక్కనైతే పెళుసెక్కుతుంది. ఆమె కుండలో వేలు ముంచి, ఎడమ చేతి బొటనవేలి గోటి మీద ఒక్క చుక్క వేసుకుని చెయ్యి కొంచెం వంచేది. చుక్క నిలిస్తే గంజి కుదిరినట్టు, జారితే ఇంకా కాగాలన్నట్టు. ఆ గోరు తప్పు చెప్పగా ఎవరూ చూడలేదు. దాని మీద ఆమెకున్న నమ్మకం దేవుడి మీద కూడా ఉండేది కాదు. నా పాల సంగతి తేల్చిందీ ఆ గోరే.

రెండువేల సంవత్సరం దాటిన కొత్త. నాది గట్టు అనే ఊరి వైపు పల్లె, మాదీ మగ్గాల ఇల్లే. పెళ్లినాటికే ఊదితే ఎగిరిపోయేట్టు ఉండేదాన్ని. తొలి కాన్పుకు పుట్టింటికి వెళ్లి ఆడపిల్లను కన్నాను. మా అమ్మ పథ్యమని పూటకు గుప్పెడు అన్నం, ఎల్లిపాయ కారం పెట్టింది. బాలింత నీళ్లు తాగితే బిడ్డకు జలుబు చేస్తుందని, గొంతు తడుపుకోవడానికి మాత్రం చెంబు చూపించేది. ఒంట్లో ఉన్న కాస్త కండా అక్కడే కరిగింది. అదంతా ప్రేమతోనే చేసింది. ఆ ప్రేమను తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది.

మూడో నెలలో బిడ్డనెత్తుకుని గద్వాల వచ్చాను. ఇంట్లో మా తోటికోడలు ఉంది. నాకు పెద్దది, అత్తకు స్వయానా తమ్ముడి కూతురు. నిండైన మనిషి. ఆమె కొడుక్కు అప్పటికి ఆరు నెలలు. గుమ్మడిపండులా ఉండేవాడు. వాణ్ణీ, నా మూడు నెలల పిల్లనూ ఒకే చాప మీద పడుకోబెట్టేవాళ్లు. వచ్చినవాళ్లందరూ ఇద్దరినీ చూసి, తర్వాత నన్ను కింది నుంచి పైదాకా చూసి నిట్టూర్చేవాళ్లు. ఇద్దరికీ మూడు నెలల తేడా ఉందని ఒక్క నోరూ అనలేదు. వంశంలో నంది లాంటి కొడుకు ఒకడుంటే, పక్కన పుల్ల లాంటి ఆడపిల్లకు లెక్క ఎవరు కడతారు?

ఒకరోజు పొద్దున ముగ్గురు పక్కింటి ఆడవాళ్లు దారం కండెలు చుట్టడానికి వచ్చి కూర్చున్నారు. నా బిడ్డ ఇంకా నిద్ర లేవలేదు. రొమ్ములు బరువెక్కి రవికె తడిసిపోతోంది. అత్త అది చూసి, దగ్గరికి వచ్చి బొటనవేలు చాపింది. జర పిండమంది. పిండాను. చుక్క గోటి మీద నీలంగా మెరిసి, చెయ్యి వంచకముందే జారిపోయింది. ఆ వెంటనే పెద్ద కోడలిని పిలిచింది. ఆమె అప్పుడే కొడుక్కు కడుపు నిండా ఇచ్చి పైట సర్దుకుంటోంది. ఆమె చుక్క తెల్లగా, చిక్కగా గోటి మీద నిలబడింది.

"చూసిన్రా? గివి పాలు. గవి బియ్యం కడిగిన నీళ్లు. దాని ఒంట్ల ఏముందని పాలల్ల వస్తది?" అంది అత్త, నాతో కాదు, వాళ్లతో.

బక్క బర్రె పాలకు వెన్న ఎక్కడిదని వాళ్లలో ఒకామె వంత పాడింది. మా ఆయన అదే గదిలో మగ్గం గుంతలో కూర్చుని నేస్తున్నాడు. చప్పుడు ఒక్క క్షణం కూడా ఆగలేదు. తర్వాత ఎప్పుడో నేను ఏడిస్తే, తన అమ్మకు తెలియదా అన్నాడు. నన్ను మాత్రం ఎవరూ ఏమీ అడగలేదు.

ఆ రోజు నుంచి నా బిడ్డకు తోటికోడలి పాలు. మొదట రెండు పూటలు, వారం తిరిగేసరికి అన్ని పూటలూ. నేను నీళ్లు మోసుకొచ్చి, కండెలు చుట్టి, వంట చేసేదాన్ని. వెనక గదిలో బిడ్డ ఏడుపు వినిపిస్తే పాలు వాటంతటవే కారేవి. రొమ్ములు గడ్డకట్టి జ్వరం వచ్చింది. పాలు ఎండాలంటే మల్లెపూలు కట్టాలట. అత్త స్వయంగా బజారుకు వెళ్లి రెండు మూరలు తెచ్చి, నా గుండెల చుట్టూ పరిచి పాత చీర ముక్కతో బిగించి కట్టింది. పెళ్లయ్యాక ఆమె నాకు తెచ్చిన మొదటి పూలు అవే.

ఇరవై రోజుల్లో ఎండిపోయాయి.

పిల్ల ఒళ్లు చేసింది. అందరికీ సంతోషం. తోటికోడలిని తిట్టుకుందామంటే ఆమె మంచిది. మంచివాళ్లతో ఇదే చిక్కు. పాలిచ్చాక, నీ బిడ్డనే, పట్టుకొమ్మని నా ఒళ్లో పెట్టేది. పిల్ల నా రవికె వాసన చూసి, మొహం తిప్పుకుని ఆమె వైపు చేతులు చాపేది. మాటలొచ్చాక ఆమెను అమ్మ అంది. ఆమె కొడుకును చూసి నేర్చుకుని నన్ను చిన్నమ్మ అంది. ఇంట్లో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

అంతకుముందే, పిల్లకు ఆరో నెలలో, సూది వేయించడానికి సర్కారు దవాఖానకు తీసుకెళ్లాం. పిల్ల ఏడిస్తే తోటికోడలు పాలిచ్చింది. నర్సమ్మ వింతగా చూసి, తల్లెవరని అడిగింది. సంగతంతా చెప్పాను. ఆమె నన్ను బరువు చూసే మిషన్ ఎక్కించింది. ముప్పై ఎనిమిది కిలోలు. ఈమె కూడా అత్త మాటే అంటుందని తల దించుకున్నాను. ఆమె అడిగింది వేరే. ఆ చుక్క తీసింది బిడ్డ తాగకముందా, తాగినంకనా అని.

తాగకముందన్నాను. అక్కది తాగినంక అన్నాను.

"మొదలొచ్చే పాలు ఎవలివైనా పలుచగనే ఉంటయమ్మా. బిడ్డ తాగుతుంటే చివరికి చిక్కగైతయి. లావున్నోళ్ల పాలల్ల కొవ్వు జర ఎక్కువుండొచ్చు, గంతే. నీ బిడ్డకు నీ పాలు సాలుతుండె. తిండి పెట్టాల్సింది నీకు."

ఇప్పుడైనా రొమ్ముకు పట్టించి చూడమంది, మళ్లీ రావచ్చంది. తలుపు చాటున నాలుగు రోజులు ప్రయత్నించాను. పిల్ల రెండుసార్లు చీకి, కాళ్లతో తన్ని, ఇల్లెగిరిపోయేలా ఏడ్చేది. ఐదో రోజు మానేశాను.

ఆరేళ్లకు కొడుకు పుట్టాడు. ఈసారి పుట్టింటికి పోలేదు. దవాఖానలో కని, అక్కడే రొమ్ముకు పట్టించాను. పథ్యం పెట్టబోతే కంచం పక్కకు తోసి, కుండలోని పప్పు నేనే వడ్డించుకున్నాను. వాడు మూడు నెలలకే బొద్దుగా అయ్యాడు. ఈసారి దీని ఒళ్లు నిండింది, అందుకే పాలు చిక్కబడ్డాయని అత్త వీధంతా చెప్పింది. నా బరువు ముప్పై తొమ్మిది కిలోలు.

ఆ మాట విన్న రోజు ఆగలేకపోయాను. ఆమె గడపలో కూర్చుని ఉంది. ఎదురుగా కూర్చుని, ఆమె చెయ్యి పట్టుకుని గోటి మీద ఒక చుక్క పిండాను. జారిపోయింది. అక్కడే కూర్చుని పిల్లాడికి పాలిచ్చాను. ఆమెను లేవనివ్వలేదు. వాడు వదిలాక అదే గోటి మీద ఇంకో చుక్క వేశాను. నిలబడింది. ఆమెకు అర్థమైంది. చిక్కన, పలుచన సంగతి ఆమె కంటే బాగా తెలిసినవాళ్లు ఆ వీధిలో లేరు కదా. కొంగుతో గోరు తుడుచుకుంది.

"అయితే ఏంది? పిల్ల బతికింది గద," అని లోపలికి వెళ్లిపోయింది.

ఆమె కాదంటే ఏం చెప్పాలో ఆరేళ్లుగా సిద్ధం చేసుకున్నాను. బుకాయిస్తే ఏమనాలో కూడా. ఒప్పుకుని లేచిపోతుందని మాత్రం అనుకోలేదు.

ఇదంతా నా కూతురు చూసింది. బడి సంచీ దించకుండా స్తంభం పక్కన నిలబడి ఉంది. దగ్గరికి వచ్చి తమ్ముడి కాలు పట్టుకుని, నేను పుట్టినప్పుడు కూడా నీకు పాలున్నాయా అని అడిగింది. ఉన్నాయన్నాను. మరి నాకెందుకివ్వలేదంది. ఇన్నాళ్లకు నా బిడ్డ నన్ను అడిగిందని గుండె ఉప్పొంగింది. అవ్వ ఇవ్వనియ్యలేదని, గోటి మీద చూసి మంచివి కావన్నదని, పూలు కట్టిందని, మీ నాన్న కూడా నోరు విప్పలేదని, ఒక్కటీ వదలకుండా చెప్పాను. పిల్ల బుద్ధిగా అంతా విన్నది.

"మరి నువ్వు ఇస్తనన్నవా?" అని అడిగింది.

అనలేదు. ఒక్కసారి కూడా అనలేదు.