నిద్రమందు చీటీ కోసం వెళ్తే

ముందే చెప్తున్నా, టీ మొత్తం తాగేశాకే వినండి. మధ్యలో నవ్వొచ్చి చీరల మీద పోసుకుంటే ఆ పూచీ నాది కాదు! సికింద్రాబాదులో ఇంతమంది డాక్టర్లుండగా నేను వెతుక్కుంటూ వెళ్ళింది ఎవరి దగ్గరికో తెలిస్తే, మన హెడ్‌మిస్ట్రెస్‌గారు రేపట్నుంచి నన్ను క్లాసులోకి రానివ్వరు.

మా ఆయన చెల్లెలి పెళ్ళికని బెజవాడ వెళ్ళారు కదా. నాకు సెలవు దొరక్క ఇక్కడే ఉండిపోయా. వారంలో వచ్చేస్తానన్న మనిషి! ఇంతలో గొడవలు ముదిరాయి. రైళ్ళు ఆగిపోయాయి, ఉత్తరాలూ ఆగిపోయాయి. బెజవాడ ఏమంత దూరమని? రాత్రి బండెక్కితే తెల్లారేసరికి దిగుతాం. అలాంటిది ఆయన చంద్రమండలంలో ఉన్నట్టయిపోయింది. బోయిగూడలో మా ఇంట్లోకి స్టేషన్ చప్పుళ్ళన్నీ వినిపిస్తాయి. షంటింగ్ ఇంజన్ కూసినా చాలు, చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయేది. ఇక నిద్ర సంగతి అడక్కండి. పక్కన ఆయన దిండు పెట్టుకుని దాంతో పోట్లాట: "వారమన్నారు, ఏదీ వారం?" అని.

చివరికి మందుల షాపుకెళ్ళి నిద్రపొడి అడిగా.

"డాక్టర్ చీటీ లేంది ఇయ్యనమ్మా" అన్నాడు షాపాయన.

"మా చర్చిలో నర్సమ్మ ఉంది. ఆమె రాసిస్తే?"

"నర్సమ్మ రాస్తే నడ్వది. కాంపౌండర్ రాసినా నడ్వది. డాక్టరే రాయాలె."

మా డాక్టరుగారేమో గొడవలు మొదలవగానే కుటుంబంతో మద్రాసు వెళ్ళిపోయారు. పక్కింటి యాదమ్మకి చెప్పుకున్నా.

"పరేషాన్ గాకమ్మా! బేగంపేట తొవ్వల ఒక డాక్టర్ సాబ్ ఉన్నడు. మా మరిది ఎప్పుడైనా గాయన దగ్గర్కే వోతడు. చెయ్యి శాన మంచిది."

యాదమ్మ మరిది టాంగా తోల్తాడని నాకు తెలుసు. తెలిసీ బుర్ర వెలగలేదు చూడండి!

వెళ్ళా. బంగళా ముందు వరసగా టాంగాలు. అబ్బో, పేషెంట్లంతా టాంగాలు కట్టించుకుని వచ్చారంటే పెద్ద డాక్టరే అనుకున్నా. బోర్డు వానలకి వెలిసిపోయి 'డాక్టర్' అన్న మాటొక్కటే మిగిలింది. వరండా నిండా మగాళ్ళే. ఎందుకో నన్ను వింతగా చూశారు. ముందు నన్నే లోపలికి పొమ్మన్నారు గానీ తలుపు బార్లా తీసే ఉంది.

లోపల తెల్లజుట్టు పెద్దాయన అటు తిరిగి చేతులు కడుక్కుంటున్నారు. తల తిప్పకుండానే "ఏం తక్లీఫ్?" అన్నారు.

అంతమంది వింటుండగా 'మా ఆయన మీద బెంగండీ' అని ఎలా చెప్పను? ఎవరి గురించో చెప్తున్నట్టు, "మా ఇంట్లో ఉందండీ... తిండి తినట్లేదు. నిద్ర పోవట్లేదు" అన్నా.

"ఎప్పటి సంది?"

"రైళ్ళు ఆగినప్పట్నుంచీ. జోడీ... బెజవాడలో ఉండిపోయిందండీ."

"అట్లనా! జోడీ ఇడిపోతే గంతే మరి. దిక్కులు చూస్తదా?"

"స్టేషన్ వైపే చూస్తుందండీ." అన్నా. ఎంత అనుభవం ఈయనకి, మొహం చూడకుండానే పట్టేశారు!

"తన్నుతదా?"

"ఛఛ! అప్పుడప్పుడు విసుక్కుంటుంది, అంతే."

"వయసెంత?"

"ఇరవయ్యారు."

ఆయన చేతిలో సబ్బు జారింది. "ఇరవయ్యారా! ఇంక బతికే ఉన్నదా? పండ్లున్నయా?"

"అన్నీ ఉన్నాయండీ!" నాకు కోపమొచ్చింది.

"అయితే చూడాలె. యాడ కట్టేసినవ్?"

"ఎవర్నండీ?"

"గుర్రాన్నమ్మా!"

వరండా ఘొల్లుమంది. మన తెలుగులో ఆడదానికీ గుర్రానికీ ఒకటే 'తింటుంది' కదా, అదే నా కొంప ముంచింది. పిల్లలకి తెలుగు చెప్పేదాన్ని నేనే!

ఆయన ఇటు తిరిగారు. "గుర్రం లేదా? మరి ఎవరికి బాగ లేదు?"

"నాకేనండీ" అన్నా. అంతే, అన్నాళ్ళూ ఆపుకున్న ఏడుపంతా అక్కడే బయటికొచ్చేసింది.

ఆయన నవ్వలేదు. వెళ్ళి తలుపు మూసి, కుర్చీ చూపించారు. "నేను పశువుల డాక్టర్‌ని బిడ్డా. మనుషులకు మందు రాసే హక్కు నాకు లేదు. గుర్రాల లెక్కన రాస్తే నువ్వు మల్ల లేవవు." తువ్వాలుతో చేతులు తుడుచుకున్నారు. "మందు రాయ. మాటైతే చెప్తా. జోడీ దూరమైన గుర్రాన్ని ఒంటిగ కట్టెయ్యం. ఇంకోదాని పక్కన కడ్తం. అది మేస్తుంటే చూసి ఇది సుత మెల్లగ మూతి వెడ్తది."

ఆ రోజు నుంచి కంచం పట్టుకుని యాదమ్మ ఇంటికి వెళ్ళేదాన్ని. ఆమె జొన్నరొట్టె విరుచుకుని నములుతుంటే నా అన్నమూ లోపలికి దిగేది. తిండి దారికొచ్చింది. నిద్ర మాత్రం రాలేదు.

పోలీస్ యాక్షన్ అయింది, రైళ్ళు మళ్ళీ మొదలయ్యాయి. మొన్న ఆదివారం చర్చి నుంచి వచ్చేసరికి గుమ్మంలో ఆయన! సగానికి చిక్కిపోయారు. ముందు అన్నం వడ్డించా. తిన్నాక ఎదురుగా చాప మీద కూర్చుని, "మొత్తం చెప్పండి. ఒక్క ముక్క వదలొద్దు" అన్నా.

ఆయన గొంతు సవరించుకున్నారు. "ఆ రోజు బెజవాడ స్టేషన్లో..." అన్నారు.

నాకు తెలిసింది అంతవరకే. కళ్ళు తెరిచేసరికి సోమవారం తెల్లారింది! ఆ గొంతు వినడానికి అన్ని నెలలు చెవి కోసుకున్నదాన్ని, తీరా వినిపిస్తే మొదటి మాటకే గురక పెట్టానట. ఆయన ఇంకా అలిగే ఉన్నారు, మళ్ళీ చెప్పనంటున్నారు. మీకు పుణ్యముంటుంది, సాయంత్రం వచ్చి ఆ బెజవాడ స్టేషన్లో ఏం జరిగిందో మీరడగండి. నేను తలుపు వెనక నిలబడి వింటా!