చావుకు చోటు లేని దీవి

జపాన్ చూడాలన్న కోరిక నాది కాదు, బావది. మా పత్తి కొనే బొంబాయి సేటుకు అక్కడి కోబే రేవులో దుకాణం ఉండేది. "ఒకసారి పోయి రండి" అని సేటు మాటవరసకు అన్నది బావ మనసులో పెట్టుకున్నాడు. నారాయణఖేడ్‌లో బండి ఎక్కేటప్పుడు అక్క నాతో ఒక్కటే అన్నది: "ఆయనను మంచిగ తీస్కరా తమ్మీ."

జహీరాబాద్‌లో రైలు, బొంబాయిలో ఓడ. అక్కడ టికెట్లిచ్చేవాడు మమ్మల్ని మధ్యాహ్నం దాకా ఎండలో నిలబెట్టి, మా వెనక వచ్చిన దొరకు కుర్చీ వేశాడు. వాడి మొహం నాకింకా గుర్తే. సింగపూర్ దాటాక బావకు దగ్గు పట్టుకుంది. కోబేలో దిగేసరికి ముసురు. సేటు మనుషులు మాకు మూటల గది పక్కన పడక చూపించారు. అదీ మరిచిపోలేదు.

హిందుస్తానీ తెలిసిన గుమాస్తా ఒకడిని తోడు పంపారు. పొద్దుటి రైలుకు నారా చేరాం. అక్కడి కంచు బుద్ధుడు మా దిక్కు గడీ కోటంత ఎత్తు. బయట జింకలు మనుషుల వెంటబడి తిండి అడుగుతాయి. ఒకటి నా కండువా కొస నమిలితే చుట్టూ నవ్వారు. అందరికంటే ఎక్కువ నవ్వింది బావే, నవ్వి దగ్గులో పడ్డాడు.

"ఇగ చాలు, వాపస్ పోదాం" అన్నాను.

"సముద్రంల దర్వాజ సూడకుంట వస్తనా?" అన్నాడు.

ఆ దర్వాజ మియాజిమా దీవి మీది గుడికి ముఖద్వారం, ఒడ్డు ముందు నీళ్లలో కట్టారు. రోజంతా రైలు, ఆపైన చిన్న పడవ. పోయేవాళ్లు పోటు వేళ కనుక్కుని పోవాలి, మాకెవరూ చెప్పలేదు. మేం దిగేసరికి నీళ్లు వెనక్కు పోయి, ఆ ఎర్రటి దర్వాజ బురదలో నిలబడి ఉంది. నీళ్లు వచ్చేదాకా బావ వానలోనే గట్టున కూర్చున్నాడు. చూశాడు. తెల్లారేసరికి ఒళ్లు కాలిపోతోంది, ఊపిరి అందడం లేదు.

సత్రం ముసలామె గుమ్మంలో మోకాళ్ల మీద కూర్చుని నేలకు తల ఆనించింది. ఆమె మాటలు గుమాస్తా చెప్పాడు. దీవి అంతా దేవుడిదట. అక్కడ ఎవరినీ పూడ్చరు. పాతకాలం వాళ్లు చావు కూడా జరగనివ్వరు. పడవ సిద్ధంగా ఉంది, అవతలి ఒడ్డున దవాఖాన ఉంది.

"పైసలిచ్చినం. గీ వానల కదిపితే మనిషి దక్కడు. కదలం" అన్నాను.

బావ నా చెయ్యి పట్టుకున్నాడు. "లొల్లి వెట్టకు బామ్మర్దీ. మన బోరంచ పోచమ్మ గుళ్లె ఎవడన్న పండుకోని పానం ఇడుస్తనంటే ఊకుంటవా? అందరికంటె ముందు నువ్వే కట్టె వట్టుకొస్తవ్."

"నువ్వు సస్తున్నవని ఎవడన్నడు?"

"ఆమె మొకం సూడు. నీకంటె ఎక్కువ ఏడుస్తున్నది."

ముసలామె తన దుప్పట్లు కప్పి, రేవు దాకా బావకు గొడుగు పట్టింది. నేను ఆమె వైపు చూడలేదు.

అవతలి దవాఖానలో బావ రెండు రోజులున్నాడు. చివరగా అన్నది ఇదీ: "ఆ ముసలామెకు నా దండం జెప్పు." దహనం అక్కడే జరిగింది. ఆ సాయంత్రమే రైలెక్కాను. దీవికి మళ్లీ పోలేదు.

ఓడలో జపాన్ ఎట్లుందని అడిగినవాళ్లకు చూడదగిందేనని చెప్పాను. అబద్ధం ఆడలేను. ఒంట్లో బాగున్నవాళ్లే పోవాలని కూడా చెప్పాను.

అస్థికలు మంజీరలో కలిపి, పొద్దుగూకే వేళకు అక్క ఇంటి ముందు బండి దిగాను. కోబే నుంచి నేనిచ్చిన తంతి ఆమెకు ముందే చేరింది.

"ఆఖరికి ఏమన్నడు?" అని అడిగింది.

ఉన్నదున్నట్టు చెప్పాను. తన పేరు ఎత్తలేదని ఏడుస్తుందనుకున్నాను.

"మరి జెప్పినవా ఆమెకు?"

"ఎందుకు జెప్త? ఎల్లగొట్టిందే ఆమె."

అక్క బావ పెట్టె మాత్రం తీసుకుని లోపలికి పోయి తలుపు వేసుకుంది. అంత దూరం నుంచి వచ్చిన నాకు కాళ్లు కడుక్కోవడానికి చెంబెడు నీళ్లు కూడా ఇవ్వలేదు.