చింతపిక్క ఎవరు వదిలారు

ముంజేతికి తడి స్పాంజి చల్లగా తగిలితే చాలు, నాకు సుగుణగారు గుర్తొస్తారు. చేతులు పడిపోయినవాళ్ళ కోసం ఆటలు తయారుచేయడం నా వృత్తి. కొత్త ఆట ఏది చేసినా, తడి స్పాంజి చుట్టిన కరెంటు బిళ్ళలు ముందు నా చేతికే పెట్టుకుని చూస్తాను. నరసాపురంలో ఒక చిన్న ఆసుపత్రిలో ఫిజియోథెరపిస్టుగా చేసిన ఆవిడ దగ్గరే నాకీ పిచ్చి పట్టుకుంది.

నేను ఇంటర్ చదువుతుండగా పక్షవాతంతో నాన్న ఎడమ చెయ్యి పడిపోయింది. చేతికి కరెంటు పెట్టించడానికి అమ్మా నేనూ ఆయన్ని రోజూ ఆ ఆసుపత్రికి తీసుకెళ్ళేవాళ్ళం. మిషన్ కాసేపటికోసారి కరెంటు పంపితే ముడుచుకున్న గుప్పిట దానంతటదే విచ్చుకునేది. "నా చెయ్యి నా మాట వినదు గానీ దీని మాట వింటుందేంటండీ?" అని ఒకరోజు నాన్న ఉడుక్కున్నారు. మరునాడు సుగుణగారు ఆ గుప్పిట్లో చింతపిక్క పెట్టారు.

"బాబాయిగారూ, కరెంటు వచ్చేలోగా పిక్క మీరే వదిలెయ్యాలి. అప్పుడు మీరు గెలిచినట్టు. పిన్నిగారూ, మీరు మణికట్టు పట్టుకుని, కింద రెండో చెయ్యి పెట్టండి. వదిలింది ఈయనో మిషనో మీకే తెలిసిపోద్ది."

అమ్మ లేసు అల్లడం ఆపలేదు. "చాల్లేమ్మా సంబడం! నలుగురిలో మొగుడి చెయ్యి పట్టుకుని ఆటలేంటి?" అంది. ఇంట్లో ఆయనకు స్నానం చేయించేది, అన్నం కలిపి పెట్టేది. అది సేవ. చెయ్యి పట్టుకుని నవ్వుకోవడం మా ఇళ్ళలో ఎరగం. ఆమె బదులు నేను పట్టుకున్నాను. ప్రతిసారీ మిషనే గెలిచేది.

"ఈ ఆట పెట్టిందే మిషన్ ఓడిపోవడానికి, అమ్మాయ్. మీ అమ్మగార్ని రానీ" అనేవారు సుగుణగారు. బలవంతపెట్టలేదు. నాన్న పక్కన స్టూలొకటి ఖాళీగా ఉంచేవారు, అంతే.

వైద్యం మానేసి పిక్కలాట ఆడిస్తోందని ఎవరో ఫిర్యాదు చేశారట. ఒకరోజు వెళ్తే ఆవిడ లేరు, ఉద్యోగం మాన్పించేశారు. కొత్తతను బిళ్ళలు పెట్టి, మీట తిప్పి, పేపరు చదువుకుంటున్నాడు. నాన్న ముఖం వేలాడేసుకుని ఖాళీ స్టూలు వైపే చూస్తున్నారు.

అమ్మ లేచి వచ్చి దానిమీద కూర్చుంది. లేసు సంచి అడుగునుంచి చింతపిక్క తీసింది! ఎప్పుడు దాచిందో. నాన్న గుప్పిట్లో పెట్టి మణికట్టు పట్టుకుంది. చాలాసార్లు మిషనే గెలిచాక, మరోసారి పిక్క ఆమె అరచేతిలో పడింది.

"కరెంటేనా?" అన్నాను.

"కాదే. కరెంటైతే గుంజుద్ది. ఇది మెల్లగా వచ్చింది. ఈయనే." నాన్న పకపకా నవ్వారు. అమ్మ కళ్ళు తుడుచుకుంటూ, "ఆ అమ్మాయి ఉండగా కూర్చుంటే నా సొమ్మేం పోయేదే?" అంది.

ఎంత వాకబు చేసినా సుగుణగారి జాడ తెలియలేదు. నాన్న గెలిచారని ఆవిడకు ఎవరూ చెప్పలేదన్న బాధ నాకు పోలేదు. నేను చేసే ఏ ఆటలోనైనా చివరికి మిషనే ఓడిపోతుంది. రోగి పక్కన ఒక స్టూలు వేయించి, ఎవరైనా వచ్చి కూర్చునేదాకా మీట తిప్పను.