రూతమ్మ మీద నేను రాసిన ఫిర్యాదు

పాంగి రూతమ్మ ఇక లేదన్న మాట పాడేరు బస్టాండులో ఒక జీపు డ్రైవరు నోట విన్నాను. విశాఖ నుంచి సెలవు మీద కొండ మీది తన ఊరికి వచ్చిందట. నాలుగు రోజులు జ్వరం. ఐదో రోజు ప్రాణం పోయింది. నమ్మలేక అతన్ని రెండుసార్లు అడిగాను. మర్నాడు పత్రికలో రెండు వాక్యాలు వేశారు. పేరు తప్పు, ఉద్యోగం తప్పు. ఆసుపత్రి ఆయా అని రాశారు. ఆమె ఏళ్ల తరబడి క్యాన్సర్ రోగులకు స్కానింగ్ తీసిన టెక్నీషియన్. సవరణ వేయమని ఉత్తరం రాశాను. వేయలేదు. అందుకని ఇది రాస్తున్నాను.

ఆమె నాకు తెలిసింది మా అమ్మ వల్ల. తొంభైల చివర్లో అమ్మకు కుడి డొక్క కింద నొప్పి మొదలైంది. విశాఖ తీసుకువెళితే కాలేయంలో గడ్డ ఉందన్నారు. స్కానింగ్ రోజున రూతమ్మ డ్యూటీలో లేదు. ఇంకొకతను అద్దం వెనక కూర్చుని, "ఊపిరి బిగబట్టండి" అని మైకులో చెప్పి తీశాడు. రెండు గడ్డలున్నాయి, వ్యాధి పాకింది, ఆపరేషన్ వల్ల ప్రయోజనం లేదు, ఇంటికి తీసుకుపొమ్మన్నారు.

ఫిల్ములు తీసుకోవడానికి వెళ్లినప్పుడు రూతమ్మ వాటిని వెలుతురుకు ఎత్తి చూసింది. "మాస్టారూ, గడ్డ ఒకటేనేమో. ఊపిరితో పాటు కాలేయం పైకీ కిందికీ కదులుతుంది. మీ అమ్మ ఒక్కోసారి ఒక్కోలా పీల్చినట్టుంది. ఉన్న గడ్డే రెండు చోట్ల పడిందేమో" అంది. డాక్టరుగారిని బతిమాలి ఒప్పించింది. "మూడు రోజులు ఆమెను నాకివ్వండి. నేర్పి తీస్తాను" అంది.

వరండాలో బెంచీ మీద అమ్మను పడుకోబెట్టి అడిగింది.

"ఊపిరి బిగబట్టమంటే నువ్వేటి సేసినావమ్మా?"

"ఏటి సేత్తాను? ఏట్లో మునిగినట్టు గుండెల్నిండా లాగి, సచ్చినా వదల్నని పట్టుకున్నాను."

"అదే తప్పు. ఒకపాలి సేరుడు, ఒకపాలి సోలెడు లాగితే నీ కార్జం ఒక్క కాడ ఎలగుంటాది?"

"మరైతే ఊపిరి మానేసి సావమంతావేటే గుంటా?"

"నువ్వు సత్తే నాను తీసిన పొటో ఎవులికి సూపిత్తాను?"

అమ్మ నవ్వింది. వారం రోజుల్లో అదే మొదటి నవ్వు.

మా కొండల్లో ఆడవాళ్లు కట్టెల మోపు ఎత్తేముందు డొక్కల కింద గుడ్డ బిగించి కడతారు. రూతమ్మ కూడా చిన్నప్పుడు మోపులు మోసిన మనిషే. అమ్మ పాత చీర చింపి అలాగే కట్టింది. పొట్ట మీద అరచెయ్యి వేసి, "మోపు దించీసినాక హమ్మ అని ఊపిరి వదిలేత్తావు సూడు, ఆ వదిలేసిన కాడే ఆగిపో. నాను సెప్పీదాక లాగకు" అంది. పీల్చేటప్పుడు ఎవరి కొలతా నిలకడగా ఉండదనీ, వదిలేశాక మాత్రం మనిషి ప్రతిసారీ ఇంచుమించు ఒక్కచోటే ఆగుతాడనీ ఆమె కనిపెట్టుకుంది. గుడ్డ ఉంటే పొట్ట కదలిక ఇంకా తగ్గేది.

నేను పక్కన నిలబడి అమ్మకు సలహాలు చెబుతున్నాను. రూతమ్మ తలెత్తి, "మాస్టారూ, మీరు కాసేపు గేటు బయట ఉండండి. మీ గొంతు వింటే ఆమెకు ఊపిరి నిలవట్లేదు" అంది. పదిమంది రోగుల ముందు. ఇరవై ఏళ్లు బడి నడిపిన నన్ను ఎవరూ అలా బయటికి పంపలేదు. ఆ మధ్యాహ్నమే సూపరింటెండెంటుకు ఫిర్యాదు రాశాను. గిరిజన వృద్ధురాలి పొట్టకు గుడ్డ కట్టి ప్రయోగాలు చేస్తోందనీ, మూడు రోజులు తిప్పించుకోబోతోందనీ రాసి, ముద్ర వేయించుకుని మరీ వచ్చాను.

మూడో రోజు మళ్లీ స్కానింగ్ తీసింది. గడ్డ ఒకటే. ఆపరేషన్ చేశారు. అమ్మ ఎనిమిదేళ్లు బతికింది. మోపులు ఎత్తింది.

ఫిర్యాదు వెనక్కి తీసుకుంటానని వెళితే గుమాస్తా తల కూడా ఎత్తలేదు. "విచారణ అయిపోయిందండి. ఆమెకు హెచ్చరిక కాగితం ఇచ్చేశారు" అన్నాడు. ఆ కాగితం అడ్డుపడి ఆమె ఉద్యోగం రెండుసార్లు పర్మనెంటు కాలేదు. దాన్ని రద్దు చేయమని పదకొండు అర్జీలు పెట్టాను. అమ్మ ఉన్నన్నాళ్లూ ప్రతిసారీ ఆమె, "ఇంక ఊరుకోండి మాస్టారూ. మీ అమ్మ ఎలగుంది? గుడ్డ బిగించే కడతందా?" అని మాట మార్చేసేది.

కొన్నేళ్లకు పొట్టకు కట్టే బెల్టుతో సహా కొత్త యంత్రం వచ్చింది. ఇలాంటిది ఈ ప్రాంతంలో ఇదే మొదటిసారని ప్రారంభసభలో ఒక పెద్దాయన అన్నాడు. నేను లేచి, "రూతమ్మ దీన్ని చీరపేలికతో ఎప్పుడో చేసింది. వెనక నిలబడి ఉంది, వేదిక మీదికి పిలవండి" అన్నాను. చొక్కా పట్టి కూర్చోబెట్టారు. ఎవరు పట్టారో నాకు గుర్తుంది. వెనక్కి తిరిగితే ఆమె లేదు. లోపల రోగి ఎదురుచూస్తున్నాడని వెళ్లిపోయింది.

ఇప్పటికీ మా వాళ్లు ఘాట్ రోడ్డు దిగి ఆ ఆసుపత్రికి వెళుతున్నారు. బెల్టు ఉంది, మైకు ఉంది. పొట్ట మీద చెయ్యి వేసి, "ఆగు, ఆగు, ఇంక తీసుకో అమ్మా" అనే మనిషి లేదు. అటువంటి మనిషిని మళ్లీ ఎవరు తెచ్చిస్తారు?

నా పదకొండో అర్జీకి మొన్న జవాబు వచ్చింది. ఉద్యోగిని మరణించినందున విషయం ముగిసినట్టు భావిస్తున్నారట. నేను భావించడం లేదు. పన్నెండోది రాశాను. దాని నకలు ఆమె సమాధి మీద రాయి కింద పెట్టి, చేతులు జోడించి వచ్చాను.

రూతమ్మా, బతుకంతా ఫిర్యాదులు రాశాను. వాటిలో పనిచేసింది ఒక్కటే. అది నీ మీద రాసింది.