గోడ అవతలి బిడ్డ

మా తోడికోడలికి ఊళ్ళో పెట్టిన పేరు ‘చావుల పెద్దమ్మ’. ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. మండితే ఏం లాభం, అందులో అబద్ధం లేదు. మా కథోలిక గుడికి ఎవరి శవపేటిక వచ్చినా దాని మీద కప్పే తెల్లగుడ్డ ఉతికేది, ఇస్త్రీ చేసేది ఆవిడే. పెట్టె పక్కన ఈస్టరునాటి పెద్ద పాస్కా కొవ్వొత్తి నిలబెట్టడం, తీర్థజలం, సాంబ్రాణి అందించడం, పెట్టె మీది పూలదండలు తీయించడం కూడా ఆవిడ పనే. ఒకసారి పెద్ద వ్యాపారి పోతే కొడుకులు పెట్టె మీద జరీ శాలువా కప్పి తెచ్చారు.

“తీసేయండి నాయనా. ఇక్కడ అందరికీ ఒకటే గుడ్డ,” అంది.

వాళ్ళు గుడ్లురిమారు. ఈవిడ అంతకంటే గట్టిగా ఉరిమింది. శాలువా తీసేశారు.

అక్కా అని పిలుస్తానే గానీ, ఇంట్లో మాత్రం మేమిద్దరం ఉప్పూ నిప్పూ. ఇన్నేళ్ళు ఒకే వంటింట్లో ఉండి ఒకరి మాట ఒకరం పడింది లేదు. ఆవిడ భర్త, అంటే మా బావగారు, రేకు ట్రంకుపెట్టెలు చేస్తారు. నోట్లో నాలుక లేని మనిషి. పొద్దస్తమానం ఆయన సుత్తి చప్పుడే తప్ప గొంతు వినబడదు.

నేను కాపురానికి రాకముందు వాళ్ళకొక మగబిడ్డ పుట్టాడట. పుట్టేసరికే ఊపిరి లేదు, బాప్తిస్మానికి వ్యవధే లేదు. “జ్ఞానస్నానం లేని బిడ్డకు గోడ లోపల చోటు లేదు,” అన్నాడు అప్పట్లో ఫాదర్‌గారి తరఫున గుడి చూసుకునే ఉపదేశి. బావగారు ఒక్కరే పార పట్టుకుని, సమాధుల తోట గోడ అవతల పూడ్చి వచ్చారు. పూజ లేదు, ప్రార్థన లేదు, గంట కూడా కొట్టలేదు. ఆ తర్వాత వాళ్ళకు పిల్లలు కలగలేదు. ఇంట్లో ఎవరైనా పొరపాటున ఆ బిడ్డ మాట ఎత్తితే అక్క లేచి వెళ్ళి, ఉతికిన గుడ్డనే మళ్ళీ ఉతికేది. తన బిడ్డకు దక్కనిది ఊరందరికీ దక్కిస్తోంది, పిచ్చితల్లి, అనుకునేదాన్ని.

మొన్న వానల్లో ఒక కుర్ర జంట పాప నిద్రలోనే పోయింది. వచ్చే ఆదివారం జ్ఞానస్నానం ఇప్పించాలనుకున్నారు పాపం. ఫాదర్‌గారు గుడిలో పూజ పెట్టారని తెలిసి, సాయానికి నేనూ అక్కతో వెళ్ళాను. తండ్రి చేతుల్లో ఇమిడిపోయేంత పెట్టె. చూడలేక నేను తల తిప్పుకున్నాను. అక్క తెల్లగుడ్డ పట్టుకుని ఎటూ పాలుపోక నిలబడింది.

“ఫాదర్‌గారూ, ఈ పాపకు జ్ఞానస్నానం కాలేదు కదండీ?”

“కాలేదమ్మా. అందుకే ఆ గుడ్డ, తీర్థజలం వద్దు. అవి జ్ఞానస్నానానికి గుర్తులు. మిగతావన్నీ ఉంటాయి.”

“మిగతావన్నీ అంటే?”

“పూజ, ప్రార్థనలు, గోడ లోపలే సమాధి. ఇప్పించాలని తల్లిదండ్రులు అనుకున్నారు కదా. మన బిషప్ మేత్రాణులవారు అనుమతి ఇచ్చారు.”

పూజ అయ్యేదాకా అక్క గుడ్డను గుండెకు హత్తుకునే ఉంది. ఇంటికొచ్చాక అన్నం ముందు కూర్చుని ఒక్కసారిగా భోరుమంది.

“అనుకుంటే చాలటే! మరి నేను అనుకోలేదా? మోసినన్నాళ్ళూ అనుకున్నాను కదే!”

నేను అన్నం పళ్ళెం పక్కకు జరిపాను. దగ్గరికి తీసుకున్నాను. కాసేపటికి నాకు కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియని కోపం.

“లే అక్కా, వెళ్ళి నీ బిడ్డ కోసం అడుగుదాం.”

“ఇన్నేళ్ళయ్యాక అడిగితే ఫాదర్‌గారు నవ్విపోతారే.”

“నవ్వనీ, ఆయన సంగతి నేను చూస్తాను!”

ఫాదర్‌గారు నవ్వలేదు. అంతా విని, “ప్రార్థన చేద్దామమ్మా. చోటు చూపించండి,” అన్నారు.

చోటు తెలిసింది బావగారికే. పని ఆపి, చేతులు కడుక్కుని, ముందు నడిచారు. గోడ అవతల ఇప్పుడు లారీలు నిలుపుతున్నారు. నేనైతే దారి తప్పేదాన్ని. ఆయన తిన్నగా ఒక మూలకు వెళ్ళి, అడ్డంగా పడి ఉన్న పాత టైరును పక్కకు దొర్లించి, చెప్పులు విడిచారు. ఫాదర్‌గారు పుస్తకం తెరిచారు.

“బిడ్డ పేరేమిటమ్మా?”

అక్క లేదన్నట్టు చెయ్యి ఊపింది. “పెట్టనివ్వలేదయ్యా. జ్ఞానస్నానం లేనివాడికి పేరెందుకన్నారు.”

ఫాదర్‌గారు తల వంచుకున్నారు.  ఇంత దూరం వచ్చి, పిలవడానికి పేరు లేదా ఆ పసివాడికి?

“ఉంది,” అన్నారు బావగారు.

ముగ్గురం ఆయన వైపు తిరిగాం.

“మా నాన్న పేరు పెట్టాను. ఇక్కడ పూడ్చేటప్పుడే పెట్టాను. పని చేసుకునేటప్పుడు వాడితో మాట్లాడుతుంటాను, ఆ పేరుతోనే.”

ఫాదర్‌గారు ఆ పేరు పలికి ప్రార్థన మొదలుపెట్టారు. అక్కకు అదేమీ వినబడలేదు. రెండు చేతులతో భర్త చొక్కా పట్టుకుంది.

“నాకెందుకు చెప్పలేదండీ?”

“నువ్వు ఏడుస్తావని.”

“ఏడిస్తే ఇద్దరం కలిసి ఏడ్చేవాళ్ళం కదండీ!”