జలుబు లేని జ్వరం

గురవమ్మ నోటికి జడిసే మనుషులు నెల్లూరు జిల్లా కోట ఊరి పక్కనున్న ఆ పాలెంలో చానామందే ఉండారు. రొయ్యల షెడ్డులో తలలు తీసే ఆడోళ్ల వరసలో ఆమె కూర్చుందంటే సూపర్‌వైజరు కూడా గొంతు తగ్గించుకొని మాట్లాడతాడు. మొగుడు సముద్రంలో పోతే ఆ పని మీదనే కొడుకు ఓబయ్యను సాకింది. అట్లాంటి అత్తకు ఎదురు చెప్పే ధైర్యం అదే షెడ్డులో రొయ్యలు వొలిచే కోడలు గంగాభవానికి ఎక్కణ్ణించి వస్తుంది?

ఓబయ్య బోటు మీద వేటకు పోయున్నప్పుడు మనవరాలు బిందుకు జ్వరమొచ్చింది. ఎనిమిది నెలల పసిబిడ్డ, ఒళ్లు కాలిపోతుండాది. జలుబు లేదు, దగ్గు లేదు. "పండ్లు వస్తుండాయిలే" అని గురవమ్మ తేల్చేసింది. పాలు కక్కితే దిష్టి అని ఉప్పూ మిరపకాయలూ తిప్పి పొయ్యిలో వేసింది. ఉచ్చ పోసేటప్పుడల్లా గుక్కపట్టి ఏడుస్తుంటే వేడి చేసిందని బొడ్డుకు ఆముదం రాసింది. ఏ ఏడుపుకైనా ఆమె దగ్గర ఒక పేరుంది, ఒక వైద్యముంది. అదే కొంప ముంచింది.

గుడ్డ మారుస్తా గంగాభవాని ముక్కు దగ్గర పెట్టుకొని చూసింది. "అత్తా, ఉచ్చ ఏందో మురుగు కంపు కొడతుండాది. ఆస్పత్రిలో చూపిద్దామా?"

"పొద్దస్తమానం రొయ్యలు వొలిచే చేతులు పెట్టుకొని బిడ్డ ఉచ్చకు వంకలు పెడతావా? అది నీ చేతుల కంపే. పోయి సబ్బుతో కడుక్కో" అని కసిరింది గురవమ్మ.

కోడలు పోయి కడుక్కోనొచ్చింది. ఆ ఇంట్లో రొయ్యల కంపు లేని గుడ్డ ఏది, దుప్పటి ఏది? అందుకే ఆ మాట అంత సులభంగా చెల్లిపోయింది.

మర్నాటికి బిడ్డ రొమ్ము పట్టలేదు. తోటకూర కాడలా వాడిపోయింది. అప్పుడు పుట్టింది గురవమ్మకు భయం. ఆటో ఎక్కి నెల్లూరులో పిల్లల డాక్టరు సుప్రియ దగ్గరికి పరుగు తీసినారు. ఆమె సన్నటి గొట్టంతో మూత్రం తీయించి పరీక్షకు పంపింది.

"మూత్రంలో ఇన్ఫెక్షనమ్మా. పసిబిడ్డకు జలుబూ దగ్గూ లేకుండా జ్వరమొస్తే మూత్రం పరీక్ష చేయించాలి. పాలు తాగకపోవడం, వాంతులు, పోసేటప్పుడు ఏడవడం, కంపు, ఇవన్నీ గుర్తులే. ఒక్కోసారి జ్వరం తప్ప ఏమీ కనిపించదు కూడా." డాక్టరు గంగాభవాని వైపు తిరిగింది. "తల్లివి, నీకు తెలియలేదా?"

గంగాభవాని తల వంచుకొనింది.

గురవమ్మకు అది చెంపదెబ్బ కన్నా గట్టిగా తగిలింది. "దానికి తెలిసింది మేడమ్. నేనే నోరు మూయించినా. బిడ్డకు ఏం కాదు గదా?"

"ఇంజెక్షన్లకు జ్వరం దిగుతుంది. కాకపోతే కిడ్నీ దాకా పోయినట్టుంది. స్కాన్ చేయాలి. మచ్చ పడుతుందో లేదో ఇప్పుడే చెప్పలేను."

ఇంత పిల్లకు కిడ్నీలో మచ్చ, అదీ తన నోటి వల్ల.

వార్డులో సెలైన్ సూది గుచ్చిన చెయ్యి కదల్చలేక బిందు మూలుగుతుండాది. "ఇట్లా ఇయ్యమ్మా, నువ్వు పోయి ఏదన్నా తినిరా" అని గురవమ్మ చేతులు చాపింది.

కాపురానికి వచ్చినప్పటినుంచీ అత్త చెప్పిందల్లా చేసిన పిల్ల. ఈసారి బిడ్డను గుండెకు పొదువుకొని గోడ వైపు తిరిగి కూర్చుంది.

"నువ్వు పోయి తిను అత్తా. నా బిడ్డను నేను చూసుకుంటా."