మాక్ కోసం మా సారుకు ఒక్కరోజు జ్వరం

ఆ రోజుల్లో భయపడడానికి పెద్ద కారణాలేమీ అక్కర్లేదు. హాస్టల్ వార్డెన్ దగ్గినా భయమే, ఇంటినుంచి వేళ కాని వేళ ఫోన్ వచ్చినా భయమే. ఇప్పుడు తలుచుకుంటే వాటిలో సగం నా చేతులతో నేను తయారుచేసుకున్నవే. అన్నిట్లోకీ పెద్ద భయాన్ని మాత్రం తిరుపతిలో డిజైన్ కోర్సు రెండో సంవత్సరంలో ఉండగా, ఒక లాప్‌టాప్ కోసం తయారుచేసుకున్నాను. (బొమ్మలు గియ్యడం అప్పటికింకా సరిగా రాలేదు గానీ, అబద్ధాలాడడంలో చెయ్యి తిరిగిందనుకునేదాన్ని. అదీ రాలేదని తర్వాత తెలిసింది.)

ఆ ఏడు మొదలవుతూనే ఎవరి లాప్‌టాప్ వాళ్ళు తెచ్చుకోవాలని చెరుపు సార్ చెప్పారు. ఆయన అసలు పేరు అటెండెన్స్ రిజిస్టరులో తప్ప ఎక్కడా వినపడేది కాదు. ఎవరు ఏ బొమ్మ తీసుకెళ్ళి చూపించినా కళ్ళజోడు పైకి జరిపి, "చెరుపు. మళ్ళీ గియ్యి" అనేవారు, అంతే. "మాక్ అయినా సరే, విండోస్ అయినా సరే, మీ ఇష్టం" అని ఆయన అన్న మరుక్షణం మా క్లాసు రెండుగా చీలిపోయింది. మాక్ కావాలనేవాళ్ళంతా కిటికీ పక్కన, విండోస్ చాలనేవాళ్ళంతా గోడ పక్కన కూర్చోసాగారు. (తారుమారుగా కూర్చున్నామని ఒక్కరికీ తోచలేదు.) నేను ఏ పక్క కూర్చోవాలో తెలియక రెండు రోజులు మధ్య బెంచీలో గడిపాను.

మూడో రోజు నన్ను కిటికీ పక్కకు లాగింది మా హాస్టల్లోని బెంగుళూరు అక్క. ఆమెది శ్రీకాళహస్తి. వేసవిలో రెండు నెలలు బెంగుళూరులో ట్రైనింగ్ చేసి వచ్చినప్పటినుంచి ఆమె ఆ ఊరిదైపోయింది. ఆమె దగ్గర తెల్లటి మాక్ ఉండేది. చంటిబిడ్డను చుట్టినట్టు దాన్ని మెత్తటి తువ్వాల్లో చుట్టి పెట్టుకునేది. ఒక ఆదివారం, "నేను తలకు పోసుకుని వచ్చేలోపల చూసుకో. చేతులు కడుక్కోని ముట్టుకో" అని దయతలిచింది. ఆ కాస్త సమయంలో నేను దానిమీద ఒక ఆకు గీశాను. మామిడాకో, జిల్లేడాకో చెప్పలేను గానీ, నా జన్మలో అంత నున్నటి ఆకు గీసి ఎరగను. మూత వెనక కొరికిన ఆపిల్ గుర్తు వెలుగుతూ ఉంది. ఆ వెలుగులో నా బుద్ధి కాస్తా ఆరిపోయింది.

ఆ సాయంత్రమే నాయనకు ఫోన్ చేశాను. నాయనది పూతలపట్టు కూడలిలో మోటార్ల వైండింగ్ షాపు. చుట్టుపక్కల ఏ బోరు మోటారు కాలినా ఆయన దగ్గరికే వచ్చేది. మోటారు తెచ్చినవాళ్ళు ఏం చెప్పినా తలూపేవాడే గానీ, టెస్టర్ పెట్టి చూసుకునేదాకా దేన్నీ నమ్మేవాడు కాదు. ఈ సంగతి పుట్టినప్పటినుంచీ తెలిసికూడా, "మాక్ లేకుంటే పరీక్షకే కూర్చోనియ్యరంట నాయనా" అనేశాను.

"అట్లనా? ఎవురు సెప్పినారు?"

"మా సారే సెప్పినారు."

"సరే పాపా. అయితే బుధవారం నేనే వస్తా. ఆ సారును ఒక మాట అడిగేసి కొందాం."

 బుధవారానికి మూడు రోజులుంది. నాయన కోప్పడతాడని కాదు, ఆయన నన్నెప్పుడూ కొట్టి ఎరగడు. చెరుపు సార్ ముందర, నాయన ముందర, ఇద్దరి ముందరా ఒకేసారి అబద్ధాలకోరుగా నిలబడాలే అన్నదే నా గుండెదడ.  బెంగుళూరు అక్కను సలహా అడిగితే, "ఏడ్చేయ్. నాయనలు ఏడుపు చూస్తే ప్రశ్నలు మర్చిపోతారు" అంది. ఏడుపైతే బాగానే వస్తోంది, అది బుధవారందాకా ఆగేట్టు లేదు.

సోమవారం క్లాసు ఎగ్గొట్టి ఆటోలో తిరుచానూరు పోయాను. అమ్మవారి ముందు కళ్ళు మూసుకుని, "తల్లీ, మా సారుకు జ్వరం రావాల. పెద్దది వద్దు. బుధవారం ఒక్కరోజు, పడుకుంటే తగ్గిపోయేంత" అని మొక్కుకున్నాను. మంగళవారం పొద్దున చెరుపు సార్ ముక్కుకు చేతిరుమాలు అడ్డం పెట్టుకుని, వరసగా నాలుగు తుమ్ములు తుమ్ముతూ క్లాసులోకి వచ్చారు. నా ప్రాణం పోయినంత పనైంది. ఆయనకు ఇద్దరు చిన్నపిల్లలు. ఒక్కరోజు జ్వరం అడిగితే అమ్మవారు లెక్క తప్పి వారం ఇచ్చిందంటే? మధ్యాహ్నం మళ్ళీ ఆటో ఎక్కాను. "నిన్ననే కదమ్మా వచ్చినావు, మల్లా వచ్చినావే?" అని గుడి ముందు పూలమ్మే ఆమె అడిగితే, మొక్కు తీర్చుకోవడానికి కాదు, వెనక్కి తీసుకోవడానికి వచ్చానని ఎలా చెప్పను? రెండు మూరల మల్లెపూలు ఎక్కువ కొని లోపలికి పరిగెత్తాను.

అమ్మవారు రెండో మొక్కే విన్నది. బుధవారం సార్ నిక్షేపంగా ఉన్నారు. నాయన పది గంటలకు బస్సు దిగాడు. ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా, జేబులో పెన్ను, పెన్ను పక్కన టెస్టర్. ఆ టెస్టర్ చూడగానే ఆయన్ను కాలేజీ వైపు కాక హోటల్ వైపు తిప్పబోయాను.

"ముందు టిఫిన్ తిందాం నాయనా."

"సారును సూసినాంక తిందాం."

"పోనీ కొండకన్నా పోయొద్దాం. ఇంతదూరం వచ్చినావు."

"కొండ యాడికి పోతుంది? సార్ క్లాసుకు పోతాడు. నడువు."

స్టాఫ్‌రూములో నాయన కుర్చీ అంచున కూర్చున్నాడు. నేను గోడకానుకుని నిలబడ్డాను. ఫ్యాన్ కిర్రుమంటోంది. నాయన గొంతు సవరించుకునేలోపే చెరుపు సార్ నవ్వుతూ, "లాప్‌టాప్ గురించేనా? ఈ వారమంతా పేరెంట్స్ దీనికోసమే వస్తున్నారు. అందరికీ ఒకటే చెబుతున్నానండి, ఏదైనా పర్వాలేదు. మేము ఇదే కొనమని ఎవరికీ చెప్పలేదు" అన్నారు.

అయిపోయింది. నేను నా చెప్పుల వైపు చూస్తున్నాను. 

"మా పాప గూడా ఆ మాటే సెప్పింది సార్" అన్నాడు నాయన నెమ్మదిగా. "నేనే నమ్మక వస్తిని. మాకు తెలీదు గదా."

తలెత్తి చూశాను. ఆయన నా వైపు చూడనేలేదు. "మా పాప బాగా గీస్తాదా సార్?" అని అడుగుతున్నాడు. సార్ అలమరలోంచి నా కాగితాలు తీసి బల్లమీద పరిచారు. "చెయ్యి మంచిది. కానీ భయం. ఇంత సన్నగా గీస్తే ఏం కనపడుతుంది? నేను చెరపమనకముందే తనే సగం చెరిపేసి తెస్తుంది." నాయన ఒక కాగితాన్ని వెలుతురుకు ఎత్తిపట్టుకుని, ఉందో లేదో తెలియని నా గీతను చాలాసేపు వెతికి చూశాడు.

బయటికొచ్చాక ఆయన ముందు, నేను వెనక నడిచాం.  గేటు దాటేదాకా ఓర్చుకుని, "నాయనా, సార్ అట్ల సెప్పలేదు. నేనే అబద్ధం సెప్తి" అన్నాను.

"ఫోన్లోనే తెలిసెలే. నీ గొంతు నాకు తెలీదా?"

"మరి సారు కాడ అట్లెందుకు సెప్పినావు?"

"నేను సాయంత్రం బస్సుకు ఊరికి పోతా. నువ్వు ఇంకా రెండేండ్లు ఆయప్ప ముందర కూర్చోని సదవల్ల గదా" అన్నాడు. అప్పుడు వచ్చింది ఏడుపు, బెంగుళూరు అక్క సలహాతో పనిలేకుండా.

అంగట్లో రెండూ పక్కపక్కనే పెట్టి చూపించారు. నాయన తెల్లదాన్ని రెండు చేతులా ఎత్తి తలకిందులుగా తిప్పి, జేబులోని టెస్టర్ తీసి, "దీని స్క్రూలు యాడుండాయప్పా?" అన్నాడు. అంగడాయన దాదాపు బల్ల దూకి వచ్చి దాన్ని అందుకున్నాడు. నాయన నా వైపు తిరిగి, "సార్ సెప్పినాడు, వాళ్ళు సెప్పినారు అనద్దు. నీకు ఏది కావల్ల, ఎందుకు కావల్ల? అది సెప్పు" అన్నాడు.

సార్ ముందర నిలబడ్డప్పుడు కూడా అంత భయం వెయ్యలేదు. రెండిటినీ మార్చి మార్చి చూసి, "ఆ తెల్లది సూసేదానికి బాగుండాది నాయనా. అంతకుమించి నాకేం తెలీదు" అన్నాను.

ఆయన నవ్వాడు. "బొమ్మలు గీసే బిడ్డవి, బాగుండేది కావల్లంటే తప్పేముండాది? దానికి సారును అడ్డం పెట్టుకునేదెందుకు?"

కొంటానన్నాడు కూడా. కానీ దానికి గీత పడుతుందేమోనని తువ్వాల్లో చుట్టిపెట్టి కాపలా కాయడంలోనే నా చదువు అయిపోతుందని నాకు అప్పుడే అర్థమైంది. మా కాలేజీ ల్యాబులో ఉన్నదీ, సెలవుల్లో నేను పనిచేసే చిత్తూరు ప్రెస్సులో ఉన్నదీ విండోసే. పక్కనున్న నల్లటి, బరువైన విండోస్ లాప్‌టాప్ చూపించాను. "భయంతో తీసుకుంటా ఉండావా, ఇష్టంతోనా?" అన్నాడు నాయన. "రెండూ" అన్నాను. ఆ రోజు నేను తడుముకోకుండా చెప్పిన నిజం అదొక్కటే.

సాయంత్రం బస్సు కదిలేముందు కిటికీలోంచి తల బయటపెట్టి, "పాపా, భయమేస్తే ఫోన్ చెయ్. అబద్ధం సెప్పాలనిపిచ్చినా చెయ్. ఏదో ఒకటి మాట్లాడుకుందాం" అన్నాడు. ఆ తర్వాత ఇన్నేళ్ళలో ఆయనకు ఎన్నో ఫోన్లు చేశాను. వేళకు తింటున్నానని, పనిలో ఎవరూ ఏమీ అనడం లేదని, నాకేం దిగుల్లేదని చెప్పాను. ఆయన అన్నిటికీ "అట్లనా" అనే అన్నాడు. ఇప్పుడు నా బల్లమీద ఆ రెండు రకాలూ ఉన్నాయి, దేనికీ భయపడను. అయినా అప్పుడప్పుడూ ఆ బస్టాండులో నిలబడ్డ పిల్ల గుర్తొస్తుంది. బస్సులోంచి నాయన చెయ్యి ఊపుతుంటే, లాప్‌టాప్ డబ్బా ఎక్కడ జారిపోతుందోనని రెండు చేతులా కరుచుకుని, తిరిగి చెయ్యి ఊపలేక, బస్సు మలుపు తిరిగేదాకా గంగిరెద్దులా తల ఊపుతూనే ఉంది, పిచ్చిది.